చిన్నప్పటి చోటుని ఉపగ్రహ చిత్రాల్లో వెతికి పట్టుకోవడం ఎలా?

మ్యాపు తెరవకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక తెల్లకాగితం తీసుకుని గుర్తున్నదంతా గీయండి. ఇల్లు, గుమ్మం ఎటు చూసేది, బడికి వెళ్లే దారి, ఆ దారిలో మలుపులు, నీళ్లు ఎక్కడుండేవి, పెద్ద చెట్టు ఎక్కడ, రైలు కూత ఏ వైపు నుంచి వినిపించేది, పొద్దుటి ఎండ ఏ గదిలో పడేది. కొలతలు తప్పినా ఫర్వాలేదు, బొమ్మ వంకరగా వచ్చినా ఫర్వాలేదు. పైన ఆ రోజు తేదీ వేసి పక్కన పెట్టండి.

ఇది ముందే ఎందుకంటే, ఇప్పటి చిత్రాన్ని ఒక్కసారి చూశాక మనసులో ఉన్న పాత పటం దానికి తగ్గట్టు సర్దుకుపోతుంది. ఆ తర్వాత ఏది గుర్తున్నది, ఏది ఇప్పుడు చూసింది అన్నది విడదీయడం దాదాపు అసాధ్యం. వెతుకులాట మధ్యలో కొత్త సంగతి గుర్తొస్తే ఇంకో కాగితం మీద గీయండి. మొదటి కాగితాన్ని దిద్దకండి. చివరికి ఏ ఇల్లు మనది అని తేల్చేటప్పుడు అదే సాక్ష్యం.

కాగితం మీద ఉన్నవాటిలో ఏవి ఇప్పటికీ దొరికే అవకాశం ఉందో గుర్తు పెట్టుకోండి. ఇంటి కప్పు మారిపోతుంది, చెట్టు పోతుంది, దుకాణం పోతుంది. వీధి పేరు కూడా మారుతుంది. రైలు పట్టాల వంపు, నది మలుపు, పాత రోడ్లు కలిసే కోణం, శ్మశానం, బడి ఆవరణ ఆకారం, పొలాల సరిహద్దులు మాత్రం మనిషి జీవితకాలం కన్నా ఎక్కువే నిలుస్తాయి. పట్టాలు ఎత్తేసినా వాటి దారి మిగిలే ఉంటుంది. ఊళ్లో ఇళ్లన్నీ చదరంగా కట్టి ఉన్న చోట నున్నటి, పొడవాటి వంపు తిరిగిన ఖాళీ జాగానో, ఆ వంపు వెంబడే ఒరిగి కట్టిన ఇళ్ల వరసో కనిపిస్తే అక్కడ ఒకప్పుడు రైలో కాలవో ఉండేదని అనుమానించవచ్చు. వెతుకులాట ఇలాంటి కొండగుర్తుల నుంచే మొదలవ్వాలి. ఇంటి నుంచి మొదలెడితే కప్పులన్నీ ఒకేలా కనిపించి గంటలు గడిచిపోతాయి.

మీ కాలానికి ఏ చిత్రం ఉంది?

ఇక్కడ చాలామంది పొరబడతారు. చిత్రం ఎంత స్పష్టంగా ఉందా అని చూస్తారు గానీ అది ఏ ఏటిదో చూడరు. ఇరవై ఏళ్ల క్రితం కూలిపోయిన ఇంటిని నిన్న తీసిన చిత్రంలో వెతికితే ఏం దొరుకుతుంది? కాస్త మసకగా ఉన్నా సరైన ఏడాది చిత్రమే పనికొస్తుంది.

ఇల్లు ఇల్లుగా కనిపించాలంటే పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో చుక్క, నేల మీద ఒక మీటరు చుట్టుపక్కల ఉండాలి. అంత వివరంతో చిత్రాలు అమ్మిన తొలి వాణిజ్య ఉపగ్రహం ఇకోనోస్ 1999 సెప్టెంబరులో పైకెళ్లింది. క్విక్‌బర్డ్ 2001లో వచ్చింది. కాబట్టి మామూలు మ్యాపు సైట్లలో 2000కి ముందు ఇల్లు కనిపించే ఉపగ్రహ చిత్రం ఉండదు. ఉంటే అది విమానం నుంచి తీసిన ఫొటో అయి ఉండాలి. లండన్, వార్సా వంటి కొన్ని యూరప్ నగరాలకు రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన ఫొటోలు గూగుల్ ఎర్త్‌లోనే ఉన్నాయి. మిగతా ప్రపంచంలో చాలా చోట్ల ఆ భాగ్యం లేదు.

అయితే దానికన్నా పాతవి వేరే చోట ఉన్నాయి. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు కరోనా శ్రేణిలో 1960 నుంచి 1972 వరకు ఫిల్ముపై తీసిన ఫొటోలను 1995లో రహస్య జాబితా నుంచి తొలగించారు. ఎనిమిది లక్షలకు పైగా ఉన్నాయి. చివరి రకం కెమెరా అయిన కేహెచ్-4బి వివరం సుమారు 1.8 మీటర్లు, అంటే అంతకన్నా చిన్నవి విడిగా తెలియవు. తర్వాతి తరం హెక్సగన్ అనే కేహెచ్-9 ఉపగ్రహాలు 1971 నుంచి 1984 వరకు పనిచేశాయి. వాటి పెద్ద కెమెరా ఫొటోల్లో ఒక మీటరు వివరం, కొన్నిట్లో అంతకన్నా మెరుగే దొరుకుతుంది. ఇవి 2011లో బయటికొచ్చాయి.

అసలు చిక్కు 1984కీ 2000కీ మధ్య బాల్యం గడిపినవారికి. ఈ పదహారేళ్లకు బయటివాళ్లకు దొరికేవి చాలావరకు అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల 30 మీటర్ల పిక్సెళ్లు, 1986 నుంచి ఫ్రాన్స్ స్పాట్ ఉపగ్రహాల 10 మీటర్ల నలుపు తెలుపు చిత్రాలు, 1995లో వచ్చిన భారత ఐఆర్‌ఎస్-1సి 5.8 మీటర్ల చిత్రాలు. స్పాట్ పాత నిల్వను ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ స్పాట్ వరల్డ్ హెరిటేజ్ పేరుతో తెరిచింది. వీటిలో ఇల్లు కనబడదు. రోడ్డు ఎప్పుడు పడింది, చెరువు ఎప్పుడు పూడింది, తోట ఎప్పుడు కాలనీ అయింది అన్నవి మాత్రం తెలుస్తాయి. ఈ కాలం వాళ్లు ముందు దాన్నీ వెనక దాన్నీ పట్టుకుని మధ్యలోది ఊహించాలి: 1980 ప్రాంతపు హెక్సగన్ ఫొటో ఒకటి, 2002–2005 మధ్య తొలి రంగుల చిత్రం ఒకటి. రెండిట్లోనూ ఉన్న కట్టడం మధ్యలో కూడా ఉండే ఉంటుంది.

దేశాల సొంత నిల్వలూ మరిచిపోకండి. ఫ్రాన్స్ భౌగోళిక సంస్థ ఐజీఎన్ తన పాత విమాన ఫొటోలను రెమోంతె ల తాన్ సైట్లో ఉచితంగా ఇస్తోంది. నెదర్లాండ్స్‌కి టోపోటైడ్‌రేస్ ఉంది, అందులో 1815 నుంచి పటాలు ఏడాది ఏడాదికీ జరుపుకుంటూ చూడొచ్చు. ఎడిన్‌బరోలోని నేషనల్ కలెక్షన్ ఆఫ్ ఏరియల్ ఫొటోగ్రఫీ దగ్గర బ్రిటన్‌వే కాకుండా ఇతర దేశాల మీద తీసిన విమాన ఫొటోలు కూడా ఉన్నాయి. అమెరికాలో పెరిగినవారికైతే జియొలాజికల్ సర్వే వాళ్ల సైటు ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లోనే విమాన ఫొటోల విభాగం విడిగా ఉంది.

గూగుల్ ఎర్త్ ప్రోని సరిచేసుకోవడం

ఫోన్లో వేలితో వెతకడం మానండి. కంప్యూటర్లో దించుకునే గూగుల్ ఎర్త్ ప్రో 2015 జనవరి నుంచి ఉచితం. వెబ్ వెర్షన్‌కి కూడా పాత చిత్రాలు 2024లో వచ్చాయి గానీ, కొలవడానికీ, పాత ఫొటో పరచడానికీ, ఫోల్డర్లు కట్టుకోవడానికీ ప్రో ముందు అది చాలదు.

దించుకున్న వెంటనే రెండు మార్పులు చెయ్యండి. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, నావిగేషన్ ట్యాబులో జూమ్ చేసేటప్పుడు తనంతట తాను వంగకుండా ఆపే గడిని ఎంచండి. ఇది చెయ్యకపోతే కిందికి దిగేకొద్దీ దృశ్యం ఏటవాలుగా వాలిపోయి, పైనుంచి చూస్తున్నామో పక్కనుంచి చూస్తున్నామో తెలియక దూరాలు తప్పుగా అనిపిస్తాయి. రెండోది, 3డి వ్యూ ట్యాబులో అక్షాంశ రేఖాంశాలను డెసిమల్ డిగ్రీలుగా పెట్టుకోండి. దృశ్యం ఎప్పుడు అటూ ఇటూ తిరిగిపోయినా ఎన్ నొక్కితే ఉత్తరం పైకొస్తుంది, యు నొక్కితే నిట్టనిలువుగా కిందికి చూపిస్తుంది, ఆర్ నొక్కితే రెండూ జరుగుతాయి.

ఇక పాత చిత్రాలు. పైన వరసలో గడియారం బొమ్మ నొక్కండి, లేదా వ్యూ మెనూలో హిస్టారికల్ ఇమేజరీ. ఎడమ పక్క పైన కాలం స్లైడర్ వస్తుంది. ముందు ఊరి మీదికి దగ్గరగా దిగి, తర్వాతే స్లైడర్ కదపండి. ఎత్తు నుంచి చూస్తుంటే స్లైడర్ చాలా తేదీలు చూపిస్తుంది, అందులో సగం పక్క ఊరివి.

తేదీ విషయంలో మూడు మోసాలు ఉన్నాయి. మ్యాపు అడుగున కాపీరైటు దగ్గర ఉండే ఏడాదికీ చిత్రం తీసిన ఏడాదికీ సంబంధం లేదు. చూడాల్సింది ఇమేజరీ డేట్ అని రాసి ఉన్నచోట. రెండోది, ఒకే తెర మీద రెండు మూడు తేదీల ముక్కలు అతికి ఉండొచ్చు, అందుకే మీ వీధి సరిగ్గా తెర మధ్యకి తెచ్చి అప్పుడు తేదీ చదవండి. మూడోది, 1984 తర్వాత డిసెంబరు తేదీతో కనిపించే మసక చిత్రాలు ఒక్క రోజున తీసినవి కావు, ఏడాది పొడుగునా తీసిన ల్యాండ్‌శాట్ చిత్రాల నుంచి మబ్బు లేని పిక్సెళ్లు ఏరి కలిపినవి. వాటిని చూసి ఆ డిసెంబరులో చెరువు నిండుగా ఉందని రాసుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఎస్రీ అనే మ్యాపుల కంపెనీ వాళ్ల సైటు వరల్డ్ ఇమేజరీ వేబ్యాక్ కూడా ఒకసారి చూడండి. 2014 నుంచి తాము ప్రచురించిన ప్రతి విడతనీ దాచి ఉంచారు. అక్కడా ఇదే చిక్కు: జాబితాలో ఉన్నది విడుదల తేదీ, చిత్రం అంతకు కొన్నేళ్ల ముందుదై ఉండొచ్చు. దగ్గరగా జూమ్ చేసి మీ చోటు మీద నొక్కితే తీసిన తేదీ, పిక్సెల్ కొలత, ఎవరు తీశారన్నది వస్తాయి. మీ చోట నిజంగా మార్పు ఉన్న విడతలు మాత్రమే చూపించమనే గడి ఎంచుకుంటే జాబితా చాలా తగ్గుతుంది. గూగుల్‌లో మబ్బు కప్పేసిన చోటు ఇక్కడ తేటగా దొరకడం మామూలే.

కొండగుర్తు నుంచి ఇంటికి

చిన్నప్పటి దూరాలను నమ్మకండి, చిన్నప్పటి సమయాన్ని నమ్మండి. "చాలా దూరం" అన్నది చిన్న కాళ్ల కొలత. "బెల్లు కొట్టాక బయల్దేరితే పది నిమిషాల్లో ఇంట్లో ఉండేవాళ్లం" అన్నది లెక్కకి అందుతుంది. బడి పిల్లల నడక గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు అనుకుంటే పది నిమిషాలకి 500 నుంచి 650 మీటర్లు. దారిలో ఆటలు ఆడుకుంటూ వచ్చేవారైతే ఇంకా తక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాగితం మీద ఉన్నది: బడి గేటు, అక్కడి నుంచి పది నిమిషాల నడక, మధ్యలో రైలు పట్టాలు దాటాలి, దాటాక ఎడమకి తిరిగితే మూడో వీధి, ఇంటి వాకిట్లో పొద్దుటి ఎండ. బడి దొరికింది, దాని పొడవాటి కప్పూ మైదానమూ మారలేదు. గూగుల్ ఎర్త్ ప్రోలో దూరాలు కొలిచే రూలర్ తెరిచి సర్కిల్ ట్యాబులో బడి గేటు దగ్గర మొదలుపెట్టి 650 మీటర్ల వలయం గీయండి. నడిచిన దారి వంకర్లు తిరుగుతుంది కాబట్టి ఇల్లు ఈ వలయం బయట ఉండే అవకాశం తక్కువ. ఇప్పుడు పట్టాలకి అవతల ఉన్న భాగం మాత్రమే మిగిలింది, అంటే వలయంలో సగం కొట్టేశాం. బడి నుంచి పట్టాలు దాటే గేట్లు ఆ పరిధిలో రెండు మించి ఉండవు. ఒక్కోదాని నుంచి ఎడమ వైపు వీధులు లెక్కపెట్టండి. అయితే లెక్కపెట్టాల్సింది మీరు చదువుకున్న కాలానికి దగ్గర చిత్రంలో, ఎందుకంటే మధ్యలో కొత్త వీధి పుట్టి ఉంటే మూడోది నాలుగోది అవుతుంది. మూడో వీధిలో వాకిలి తూర్పుకి ఉన్న ఇళ్లు ఏవో చూస్తే వీధికి ఒక పక్క మొత్తం పోతుంది. చివరికి నాలుగైదు కప్పులు మిగులుతాయి. రూలర్‌లో పాత్ ట్యాబు తీసుకుని ఒక్కోదాని నుంచి బడి గేటు వరకూ నిజంగా నడిచే దారి వెంబడి కొలవండి.

ఇంటిని ఖాయం చేసేముందు ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలవాలి. దారి దూరమూ, వీధుల లెక్కా రెండూ ఒకే దారి నుంచి వచ్చినవి, కాబట్టి అవి ఒకటే ఆధారం కింద లెక్క. పెరట్లో బావి, పక్కింటికి ఉన్న ఖాళీ జాగా ఆకారం, పాత కుటుంబ ఫొటోలో వెనక కనిపించే నీళ్ల ట్యాంకు దిక్కు, ఇలాంటిది ఇంకొకటి కావాలి. "చూడగానే మనసుకి తెలిసిపోయింది" అనేది ఆధారం కాదు. ఒకే నమూనాలో కట్టిన ఇళ్ల మధ్య అలా తెలిసిపోయినవి చాలా తప్పుతాయి.

వీధి చూపు (స్ట్రీట్ వ్యూ) అందుబాటులో ఉన్న చోట, బ్రౌజర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి పసుపు మనిషి బొమ్మని వీధిలో దించి, ఎడమ పక్క పైన తేదీ దగ్గర పాత తేదీలు ఉన్నాయేమో చూడండి. గూగుల్ స్ట్రీట్ వ్యూ 2007లో మొదలైంది, పాత తేదీలు చూసే వీలు 2014లో వచ్చింది. చాలా చోట్ల కొత్త మేడ కట్టకముందు ఇల్లు ఆ మొదటి తేదీలోనే మిగిలి ఉంటుంది. గూగుల్ కారు వెళ్లని వీధులకు మాపిల్లరీ చూడండి, అక్కడ జనం ఎక్కించిన ఫొటోలు ఉంటాయి.

పైనుంచి చూసేటప్పుడు కన్ను చేసే తప్పులు

గుట్ట గుంటలా, గుంట గుట్టలా కనిపించడం వీటిలో ముఖ్యం. వెలుతురు పైనుంచి పడుతుందని మన కన్ను అనుకుంటుంది. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు ఎక్కువ కాలం దక్షిణాన, అంటే తెర అడుగు వైపు ఉంటాడు, నీడ పైవైపు పడుతుంది. దాంతో లోయలు గట్టులుగా, క్వారీలు దిబ్బలుగా కనిపిస్తాయి. దృశ్యాన్ని తలకిందులుగా తిప్పి చూడండి, చటుక్కున సరైపోతుంది. చూడటం అయ్యాక ఎన్ నొక్కి ఉత్తరాన్ని మళ్లీ పైకి తేవడం మరవకండి.

నీడలు మేలు కూడా చేస్తాయి. భూమి చిత్రాలు తీసే ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం స్థానిక కాలమానం ప్రకారం పొద్దున పదిన్నర ప్రాంతంలో దాటుతాయి కాబట్టి నీడలు పడమటి వైపు ఒరుగుతాయి. ఎత్తయిన నీళ్ల ట్యాంకు పైనుంచి చూస్తే ఉత్త గుండ్రని చుక్క, దాని నీడలో మాత్రం కాళ్లూ తొట్టీ విడివిడిగా తెలుస్తాయి. సెల్ టవరు, పొగగొట్టం, జెండా కర్ర కూడా అంతే. వీటిని వెతికేటప్పుడు వస్తువు కోసం కాకుండా నీడ కోసం చూడండి. సూర్యుడు సరిగ్గా 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ పొడవు వస్తువు ఎత్తుతో సమానం. పక్కన ఎత్తు తెలిసిన కట్టడం ఉంటే, ఒకే చిత్రంలో రెండు నీడల నిష్పత్తితో రెండోదాని ఎత్తు తేలుతుంది.

ఉపగ్రహం నేరుగా నెత్తి మీదే ఉండి తియ్యదు, కాస్త పక్కకి వంగి తీస్తుంది. అందువల్ల ఎత్తయిన కట్టడాలు ఒక వైపు ఒరిగి వెనకున్న చిన్న ఇంటిని మింగేస్తాయి. ఇంకో తేదీలో వేరే వైపు ఒరుగుతాయి. ఇల్లు కనపడట్లేదని తీర్మానించేముందు తేదీ మార్చి చూడండి. స్థానాన్ని కప్పు దగ్గర కాకుండా గోడ నేలని తాకే చోట గుర్తించాలి.

ఏడాదికీ ఏడాదికీ మధ్య చిత్రం మొత్తం కొన్ని మీటర్లు జరిగి ఉండటం కూడా సహజం. కొండ ప్రాంతాల్లో ఇది ఇంకా ఎక్కువ. ఒక చిత్రంలో పెట్టిన పిన్ను ఇంకో చిత్రంలో పక్కింటి మీద పడుతుంది. మారని రోడ్ల కూడలి ఒకటి చూసుకుని, అది ఎటు ఎంత జరిగిందో కొలిచి అంతే సర్దుకోండి. చైనాలో ఇది వేరే రకం: అక్కడి చట్టం ప్రకారం వీధుల పటం జీసీజే-02 అనే వేరే లెక్కలో ఉంటుంది, అది ఉపగ్రహ చిత్రం మీద కొన్ని వందల మీటర్లు తేడాగా కూర్చుంటుంది. అక్కడ వీధి పేర్లు కనిపించకుండా చేసి చిత్రాన్నే నమ్మండి.

గూఢచారి ఫొటోలు తెచ్చుకోవడం

కరోనా, హెక్సగన్ ఫొటోలు దొరికేది పైన చెప్పిన అమెరికా జియొలాజికల్ సర్వే సైటు ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లోనే. అక్కడ ఖాతా తెరవడం ఉచితం. వెతికే చోటుకి మొత్తం ఊరి సరిహద్దు కాకుండా ఒకే ఒక్క బిందువు ఇవ్వండి, లేకపోతే ఫలితాలు వందల్లో వస్తాయి. డేటా సెట్స్‌లో డీక్లాసిఫైడ్ డేటా కింద మూడు విభాగాలు ఉంటాయి: మొదటిది కరోనా ఫొటోలు, రెండోది కేహెచ్-7 అనే ఇంకో గూఢచారి శ్రేణితో పాటు కేహెచ్-9లో పటాల కోసం పెట్టిన కెమెరావి, మూడోది ప్రధానంగా హెక్సగన్ పెద్ద కెమెరావి. మూడిటినీ ఎంచండి. ఫలితాల్లో పాదం గుర్తు నొక్కితే ఫ్రేము, అంటే ఒక్కో ఫొటో, భూమి మీద ఎంత మేర పరుచుకుందో కనిపిస్తుంది. ఆ గీతల్ని అక్షరాలా నమ్మకండి, కిలోమీటర్ల కొద్దీ తేడా ఉండొచ్చు. మీ ఊరు ఫ్రేము అంచున పడితే పక్క ఫ్రేము కూడా చూసుకోండి.

ఇప్పటికే స్కాన్ చేసిన ఫ్రేముకి దించుకునే గుర్తు వెలుగుతూ ఉంటుంది, అది ఉచితం. ఎవరూ అడగని ఫ్రేమైతే స్కానింగుకి ఒక్కోదానికి 30 డాలర్లు తీసుకుంటారు, ఆ తర్వాత ఆ ఫ్రేము అందరికీ ఉచితమవుతుంది. డబ్బు కట్టేముందు చిన్న నమూనా బొమ్మని పెద్దది చేసి మబ్బు లేదని చూసుకోండి. నమూనాలో తెల్లటి మచ్చ మీ ఊరి మీదే ఉంటే ఆ డబ్బు వృథా.

కరోనా ఫ్రేము సన్నగా పొడవుగా ఉంటుంది. కేహెచ్-4బి ఫ్రేము ఒక్కటే భూమి మీద దాదాపు 14 కిలోమీటర్ల వెడల్పు, 188 కిలోమీటర్ల పొడవు కప్పుతుంది. స్కాను నాలుగు ముక్కలుగా వస్తుంది. మీ ఊరు ఏ ముక్కలో ఉందో ఫ్రేము పొడవులో అంచనా వేసి అదొక్కటే తెరవండి. ముందుకీ వెనక్కీ చూసే రెండు కెమెరాలు ఉండేవి కాబట్టి కొన్ని ఫ్రేములను తలకిందులు చెయ్యాల్సి వస్తుంది. నది మలుపు ఆకారం ఇప్పటి మ్యాపుతో కలిసేదాకా తిప్పుతూ చూడండి.

పాత ఫొటోని ఇప్పటి మ్యాపు మీద పరచడం అసలైన పని. ఫ్రేము మొత్తం పరచబోతే ఎప్పటికీ కుదరదు. ఆ కెమెరా పక్కనుంచి పక్కకి ఊగుతూ తీసింది, అంచుల దగ్గర కొలత మారిపోతుంది. మీ ఇంటి చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల ముక్క కత్తిరించండి, అంత చిన్న ముక్కలో వంకర పట్టించుకోనక్కర్లేదు. గూగుల్ ఎర్త్ ప్రోలో యాడ్ మెనూలోని ఇమేజ్ ఓవర్‌లేతో తెరవండి. పచ్చటి గీతల్లో మూలలు పట్టుకుంటే సాగుతుంది, మధ్యలో ప్లస్ పట్టుకుంటే జరుగుతుంది, ఎడమ పక్క వజ్రం ఆకారం పట్టుకుంటే తిరుగుతుంది. పారదర్శకత స్లైడర్‌ని సగానికి దించి, ముందు ఒక కూడలిని కలపండి. తర్వాత తిప్పడం, చివర్న సాగదియ్యడం. ఈ వరస తప్పితే ఒకటి సరిచేసినప్పుడల్లా రెండోది చెడుతుంది.

ఇంకా ఖచ్చితం కావాలంటే క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల ప్రోగ్రాములో, పాత ఫొటోని మ్యాపుకి అతికించే జియోరిఫరెన్సర్ వాడాలి. పాత ఫొటోలోనూ ఇప్పటి చిత్రంలోనూ ఒకేలా ఉన్న బిందువులు గుర్తిస్తూ పోవాలి. మామూలు పద్ధతికి మూడు చాలు గానీ తప్పు పట్టుకోవడానికి కనీసం ఆరు ఏడు పెట్టండి, ఇంటికి నాలుగు వైపులా పరుచుకునేలా. అన్నీ ఒకే పక్క ఉంటే ఆ పక్క అతుక్కుని అవతలి పక్క ఎగిరిపోతుంది. పట్టికలో ఒక్క బిందువుకి మాత్రమే తేడా మిగతావాటికన్నా బాగా ఎక్కువ చూపిస్తుంటే ఆ బిందువు తప్పు పెట్టారని అర్థం, తీసేసి మళ్లీ చూడండి. పాత రోడ్ల కూడళ్లు, వంతెనల చివర్లు, రాతి గోడల మూలలు మంచి బిందువులు. చెట్లు, నది ఒడ్డు వద్దు.

నీళ్లలో మునిగిన ఊళ్లకు ఇదే దారి. ఆనకట్ట కట్టకముందు తేదీ కరోనా ఫొటోని పరిచి, ఇప్పటి జలాశయం మీద వీధులు గుర్తించుకోండి. తర్వాత కాలం స్లైడర్‌లో నీళ్లు బాగా అడుగంటిన ఏడాది వెతికితే గోడల పునాదులు, రోడ్డు గీతలు నిజంగానే కొన్ని చోట్ల బయటపడతాయి. చెరువులూ కుంటలూ మాయమైన చోటికి గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ చూడండి. 1984 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాల్లో ఎక్కడ ఎన్నాళ్లు నీళ్లు నిలిచాయో అది రంగుల్లో చూపిస్తుంది. ముప్పై మీటర్ల పిక్సెల్ కాబట్టి చిన్న కుంటలు దొరకవు.

పెద్దవాళ్లతో కలిసి చూసేటప్పుడు

ఉత్తరం పైకి పెట్టి చూపిస్తే చాలామంది పెద్దవాళ్లు తికమకపడతారు. వాళ్లు ఊరికి ఎటు నుంచి వచ్చేవారో ఆ దారి తెర అడుగున ఉండేలా మ్యాపుని తిప్పండి. అప్పుడు వాళ్ల కుడి తెర మీద కూడా కుడే అవుతుంది. ఇప్పటి పేర్లు, దుకాణాల గుర్తులు అన్నీ తీసేయండి. వెంటనే ఇంటి మీదికి దిగకండి. స్టేషన్ నుంచో, వంతెన నుంచో మొదలెట్టి "ఇక్కణ్నుంచి ఎటు వెళ్లేవారండీ?" అని అడుగుతూ వాళ్లు చెప్పిన వేగంతో కదపండి. "ఇదేనా మన ఇల్లు?" అని అడిగితే మర్యాదకైనా అవుననేస్తారు. "ఇక్కడ ఏముండేది?" అని అడగండి.

దాచుకోవడం

గూగుల్ ఎర్త్ ప్రోలో కొత్తగా పెట్టినవి కొన్నిసార్లు టెంపరరీ ప్లేసెస్‌లో చేరతాయి. ప్రోగ్రాం ఆగిపోతే అవి పోతాయి. మొదలెట్టేటప్పుడే మై ప్లేసెస్ కింద ఊరి పేరుతో ఫోల్డరు కట్టి, అందులోనే పిన్నులు పెట్టండి. ప్రతి పిన్ను వివరంలో మూడు ముక్కలు చాలు: ఏ తేదీ చిత్రంలో చూశారు, ఎవరు చెప్పారు, ఖాయమా బహుశానా ఊహా. ఈ మూడో మాట రాయకపోతే ఏడాది తర్వాత మీ ఊహే మీకు నిజంలా కనిపిస్తుంది. పని అయ్యాక ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి సేవ్ ప్లేస్ యాజ్ ఎంచి కేఎమ్‌ఎల్ రకంగా దాచండి. అది ఉత్త టెక్స్ట్ ఫైలు, గూగుల్ ఎర్త్ లేకపోయినా చదవొచ్చు. పరిచిన పాత ఫొటో కూడా ఫైల్లో ఉండాలంటే కేఎమ్‌జడ్‌గా దాచాలి. కేఎమ్‌ఎల్ తెరిచి చూస్తే రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఉంటాయి. వాటిని అలాగే ఎత్తి మ్యాపు వెతుకు గడిలో పడేస్తే ఎక్కడో సముద్రంలో తేలుతారు.

స్థానాన్ని ఎవరికైనా పంపాలంటే దశాంశం తర్వాత అయిదు అంకెలు చాలు, అది ఒక మీటరు చుట్టుపక్కల తేడా. నాలుగైతే 11 మీటర్లు, అంటే పక్కింటి పిన్ను కావచ్చు. అందరికీ కనిపించే చోట మాత్రం ఇంటి పిన్ను పెట్టకండి. అక్కడ ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు, పైగా చిన్నప్పుడు మీరు ఏ వీధిలో ఉండేవారన్నది చాలా ఖాతాలు పాస్‌వర్డు మరిచిపోయినప్పుడు అడిగే ప్రశ్న.